గ్రామర్ రూల్‌తో చెప్పాలా, కథలో పెట్టి చెప్పాలా? ఇంగ్లిష్ టీచర్లకు ఒక ఎంపిక సలహా

బోర్డు మీద "ఐ డ్యాష్ దట్ మూవీ" అని రాసి, బ్రాకెట్లో "సీ" అని పెట్టి ఖాళీ నింపమనండి. కొందరు "సా" అంటారు, కొందరు "హావ్ సీన్" అంటారు. వర్క్‌బుక్ వెనక కీలో ఏది ఉంటే అది రైటు, రెండోది తప్పు అని తేలిపోతుంది. నిజానికి రెండూ రైటే. నిన్న సెకండ్ షోకి వెళ్లిన సంగతి చెబుతుంటే "సా". "ఆ సినిమాకి పోదామా?" అని ఫ్రెండ్ అడిగితే, నేను చూసేశాను, ఇంకోదానికి పోదాం అనే అర్థంలో "హావ్ సీన్". ఏది రాయాలో తేల్చేది సందర్భం. అది కాస్తా ఆ వాక్యంలో లేదు.

ఇంకో ఖాళీ ఇవ్వండి: "హీ డిడ్ నాట్ డ్యాష్ టు స్కూల్", బ్రాకెట్లో "కమ్". దీనికి ముందు ఏ కథ చెప్పినా, తర్వాత ఏ కథ చెప్పినా జవాబు ఒక్కటే.

గ్రామర్‌ని నేరుగా చెప్పాలా, పాఠంలోనో కథలోనో పెట్టి చెప్పాలా అన్న తర్జనభర్జన స్టాఫ్‌రూముల్లో ఎప్పుడూ ఉండేదే. రూల్ పక్షం వాళ్లు "పరీక్షలో ఏం రాస్తారండీ మీ పిల్లలు?" అంటారు. పాఠం పక్షం వాళ్లు "మీ పిల్లలు రెండు ముక్కలు మాట్లాడగలరా?" అంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. నా మటుకు నాకు పై రెండు ఖాళీలే కొలబద్ద. ఒంటరి వాక్యం చూసి ఒకే జవాబు చెప్పగలిగే అంశమైతే రూల్ చెప్పి సాధన చేయించడం మేలు. రెండు జవాబులూ అతికే అంశమైతే సందర్భం లేకుండా మొదలుపెట్టడం దండగ. అంటే జూన్‌లో ఒక పద్ధతి పట్టుకుని ఏప్రిల్ దాకా మోయక్కర్లేదు. అంశాన్ని బట్టి మార్చుకోవచ్చు, మార్చుకోవాలి కూడా.

రూల్ ముందు

ఇది మనందరం చదువుకున్న దారి. ముందు సూత్రం, తర్వాత ఉదాహరణలు, తర్వాత ఖాళీలు. డిడ్ తర్వాత వీ వన్ (వెర్బ్ మొదటి రూపం), హావ్ తర్వాత వీ త్రీ (మూడో రూపం). పన్నెండు గళ్ల టెన్స్ చార్టు గోడకి. అరవై మంది ఉన్న తరగతిలో, నలభై అయిదు నిమిషాల పీరియడ్లో ఇంతకన్నా తేలిగ్గా నడిచే పద్ధతి లేదు.

దీన్ని పాతకాలం పద్ధతి అని కొట్టిపారేయడం ఫ్యాషన్ అయింది కానీ, పరిశోధన అలా చెప్పడం లేదు. నోరిస్, ఒర్టెగా అనే ఇద్దరు పరిశోధకులు 2000లో 49 అధ్యయనాల ఫలితాలను ఒకచోట చేర్చి చూశారు. రూల్‌ని విప్పి చెప్పిన తరగతుల్లోనే సగటున ఎక్కువ ఫలితం కనిపించింది. అయితే ఒక మెలిక ఉంది. ఆ అధ్యయనాల్లో చాలావాటిలో పెట్టిన పరీక్షలు ఖాళీలు నింపడం, సరైనది ఎంచుకోవడం లాంటివి. ఆ మాట ఆ పరిశోధకులే చెప్పారు. రూల్ నేర్చినవాడు రూల్ అడిగే పరీక్షలో రాణించడం వింతేమీ కాదు. ఎదుటివాడు ప్రశ్న వేసినప్పుడు అదే రూల్ నోటికి అందుతుందా అన్నది వేరే లెక్క.

రూల్ చెప్పాలనుకుంటే తెలుగులో చెప్పండి. ఇంగ్లిష్ పీరియడ్లో తెలుగు మాట్లాడకూడదన్న పట్టుదల వల్ల చేతిలో ఉన్న మంచి పనిముట్టు వదులుకుంటున్నాం. "హీ డిడ్ నాట్ కేమ్" అన్న తప్పునే తీసుకోండి. ఏటా ప్రతి తరగతిలోనూ వస్తుంది. "వచ్చాడు" అనేదానికి వ్యతిరేకం ఏమిటని పిల్లల్ని అడగండి. "రాలేదు" అంటారు. "వచ్చలేదు" అని ఎవరైనా అంటారా? నవ్వుతారు. మన భాషలోనూ "లేదు" రాగానే క్రియ భూతకాలం వదిలేసి "రా" అని మొదటికి వచ్చేస్తుంది. "డిడ్ నాట్" పక్కన "కమ్" చేసేది అచ్చం అదే. తిన్నాడు, తినలేదు. చూశాడు, చూడలేదు. ఇది చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు. పూర్తిగా ఇంగ్లిష్‌లోనే చెప్పాలని కూర్చుంటే పీరియడంతా చాలదు.

ఇక ఈ దారిలో అసలు చిక్కు రూల్ చెప్పడంలో లేదు, రూల్ దగ్గరే ఆగిపోవడంలో ఉంది. చార్టు అప్పజెప్పిన పిల్లవాడే లెటర్ రాయమంటే ప్రతి వాక్యాన్నీ "ఐ యామ్" అని మొదలుపెట్టి వెర్బ్‌కి "ఇంగ్" తగిలిస్తాడు. వాడికి రూల్ రాక కాదు. ఏ రూల్ ఎప్పుడు బయటికి తీయాలో చెప్పే సందర్భాన్ని వాడు ఎన్నడూ చూడలేదు.

ఉదాహరణలిచ్చి రూల్ పట్టుకోమనడం

ఇందులో టీచర్ రూల్ చెప్పరు. "ఎ బుక్, ఎ డాగ్, ఆన్ ఎగ్, ఆన్ అంబ్రెల్లా" అని రాసి, తర్వాత "ఆన్ అవర్, ఎ యూనివర్సిటీ" కలిపి, ఎందుకిలా అని పిల్లల్నే తేల్చమంటారు. అక్షరం కాదు, నోట్లోంచి వచ్చే శబ్దం చూడాలి అని ఎవరో ఒకరు కనిపెడతారు. తామే కనిపెట్టింది కనుక గట్టిగా గుర్తుంటుంది.

నమూనా స్పష్టంగా, మినహాయింపులు తక్కువగా ఉన్న అంశాలకు మాత్రమే ఈ దారి పనికొస్తుంది. ప్రెజెంట్ పర్‌ఫెక్ట్‌ని ("హావ్ సీన్" లాంటి రూపాన్ని) ఇలా కనిపెట్టమంటే పిల్లలు తప్పుడు రూల్ కనిపెడతారు. పైగా తరగతిలో చురుకైన నలుగురే కనిపెడతారు, మిగతావాళ్లు వాళ్ల నోటి నుంచి వింటారు. అప్పుడు అది రూల్ ముందు పద్ధతే, చెప్పినవాళ్లు మారారంతే. ఏడాదికి ఐదారు అంశాలకు మించి వాడమని నేను చెప్పను.

కథలో, పాఠంలో గ్రామర్

ముందు ఒక నకిలీని పక్కన పెడదాం. పాఠం చదివించి "ఇందులో ఉన్న పాస్ట్ టెన్స్ వెర్బులన్నీ అండర్‌లైన్ చేయండి" అనడం సందర్భంలో గ్రామర్ కాదు. పాఠం అర్థం కాకపోయినా "ఈడీ" ఉన్న మాటల కింద గీతలు గీయొచ్చు. ఏ ముక్క మార్చితే కథలో ఏం మారిపోతుందో పిల్లవాడికి కనబడాలి. అది కనబడితేనే సందర్భం పని చేసినట్టు.

ఇందుకు కొత్త పాఠాలు వెతకనక్కర్లేదు. పిల్లలకు ముందే తెలిసిన కథ అన్నిటికన్నా మంచిది. కారణం సులువు: కొత్త భాషలో ఏదైనా వింటున్నప్పుడు మనసు ముందు అర్థం కోసం పరిగెడుతుంది, అర్థం అందాక ఓపిక మిగిలితే ఆకారం వంక, అంటే మాట ఏ రూపంలో ఉందన్నదాని వంక చూస్తుంది. బిల్ వాన్‌పాటెన్ అనే భాషాపరిశోధకుడు దీని మీద చాలా పని చేశాడు. కథ ముందే తెలిస్తే అర్థం కోసం తడుముకోవాల్సిన పని ఉండదు. ధ్యాసంతా ఆకారం మీద పెట్టొచ్చు.

ఏడు చేపల కథ తెలియని తెలుగు పిల్లలు తక్కువ. అనగనగా ఒక రాజు, ఆ రాజుకి ఏడుగురు కొడుకులు. వేటకెళ్లి ఏడు చేపలు తెచ్చి ఎండబెడితే అందులో ఒకటి ఎండలేదు. దాన్ని ఆరో తరగతిలో ఇంగ్లిష్‌లోకి దింపి చూడండి.

"ఫిష్, ఫిష్, వై డిడ్ంట్ యూ డ్రై?"
"ది హేస్టాక్ బ్లాక్డ్ ది సన్."
"హేస్టాక్, హేస్టాక్, వై డిడ్ యూ బ్లాక్ ది సన్?"
"ది కౌ డిడ్ంట్ ఈట్ మీ."
"కౌ, కౌ, వై డిడ్ంట్ యూ ఈట్ ది హే?"
"ది బాయ్ డిడ్ంట్ ఫీడ్ మీ."
"బాయ్, వై డిడ్ంట్ యూ ఫీడ్ ది కౌ?"
"మదర్ డిడ్ంట్ గివ్ మీ ఫుడ్."
"మదర్, వై డిడ్ంట్ యూ గివ్ హిమ్ ఫుడ్?"
"ది బేబీ వజ్ క్రయింగ్."
"బేబీ, వై వర్ యూ క్రయింగ్?"
"ఆన్ యాంట్ బిట్ మీ."
"యాంట్, యాంట్, వై డిడ్ యూ బైట్ ది బేబీ?"
"ఇఫ్ యూ పుట్ యువర్ ఫింగర్ ఇన్ మై గోల్డెన్ యాంట్‌హిల్, వోంట్ ఐ బైట్?"

జవాబులో "బ్లాక్డ్", వెంటనే ప్రశ్నలో "బ్లాక్". జవాబులో "బిట్", ప్రశ్నలో "బైట్". డిడ్ వచ్చిన చోట వెర్బ్ మొదటి రూపానికి దిగిపోవడం చెవికి వినబడుతుంది, కంటికి కనబడుతుంది. రూల్ ఒక్కసారి చెప్పి, ఈ కథని పిల్లలకు పాత్రలుగా పంచి నడిపిస్తే, ఒకే రూపం ఇన్నిసార్లు నోట్లో తిరిగినా ఎవరికీ డ్రిల్లు చేస్తున్నట్టు అనిపించదు. పసివాడి దగ్గర మాత్రం "డిడ్" పోయి "వజ్ క్రయింగ్" ఎందుకొచ్చిందో ఆగి అడగండి. అమ్మ అన్నం పెట్టాల్సిన ఆ సమయంలో ఏడుపు సాగుతూ ఉంది. "క్రైడ్" అంటే ఏడ్చి ఊరుకున్నాడనుకోవచ్చు, మరి అమ్మ సాకు నిలబడుతుందా? ఇక్కడ రెండు రూపాలూ వాక్యంలో అతుకుతాయి, కథలో ఒకటే అతుకుతుంది. పాస్ట్ కంటిన్యువస్‌ని ఇంతకన్నా బాగా చెప్పే పేరా ఏ గైడులోనూ నాకు కనబడలేదు.

ఆర్టికల్స్‌కి కూడా ఇదే కథ. "అనగనగా ఒక రాజు, ఆ రాజుకి" అన్న మొదటి వాక్యంలోనే సగం పాఠం ఉంది. మొదటిసారి పరిచయం చేస్తే "ఒక", తెలిసినవాడయ్యాక "ఆ". "దేర్ వజ్ ఎ కింగ్. ది కింగ్ హ్యాడ్ సెవెన్ సన్స్." చీమ దగ్గర "ఆన్ యాంట్" ఎందుకు? కుట్టింది ఏదో ఒక చీమ, అప్పటిదాకా కథలో లేదు. "ది సన్" ఎందుకు? సూర్యుడు ఒక్కడే, ఎవరినీ పరిచయం చేసుకోనక్కర్లేదు. తెలుగులో చాలాచోట్ల ఏమీ పెట్టకుండా ఉత్త "రాజు" అనే అనేస్తాం కాబట్టి ఈ పోలిక అన్నిచోట్లా పనికిరాదు, అది కూడా పిల్లలకు చెప్పాలి. కానీ ఖాళీల్లో ఎ, ఆన్, ది నింపించడంతో పోలిస్తే ఇది ఎంతో ముందుంటుంది. ఆర్టికల్ అనేది వినేవాడికి ముందే తెలుసా లేదా అన్న సంగతి. ఒంటరి వాక్యంలో ఆ వినేవాడు ఉండడు.

కథ కాకుండా ఇంకో మార్గం డిక్టోగ్లాస్. పేరు గంభీరంగా ఉంది కానీ పని తేలిక. రూత్ వాజ్నరిబ్ అనే ఆస్ట్రేలియా టీచర్ 1990లో దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చింది. నాలుగైదు వాక్యాల పేరాని మామూలు వేగంతో రెండుసార్లు చదువుతారు. పిల్లలు ముఖ్యమైన మాటలు మాత్రం రాసుకుంటారు. తర్వాత నలుగురేసి కూర్చుని ఆ పేరాని మళ్లీ నిర్మిస్తారు. చివర్లో అసలు పేరా బోర్డు మీద రాస్తే తమదానితో పోల్చుకుంటారు. అర్థం గుర్తుంటుంది, ఆకారం గుర్తుండదు. ఆ ఖాళీని తమకు తెలిసిన గ్రామర్‌తో పూడ్చాలి. ఎక్కడ తడబడ్డారో అక్కడే వాళ్లకు గ్రామర్ కావాల్సి వస్తుంది. తెలుగు మాట్లాడుకుంటూ వాదించుకున్నా పరవాలేదు. ఎనిమిదో తరగతి నుంచి పనికొస్తుంది. పెద్ద తరగతిలో గోల తప్పదు, పక్క క్లాసు మేడమ్‌కి ముందే ఒక మాట చెప్పి మొదలుపెట్టండి.

పని ముందు, గ్రామర్ తర్వాత

పిల్లలకు ఇంగ్లిష్‌లో ఒక పని అప్పజెప్పి, గ్రామర్ సంగతి తర్వాత చూడడం అనే ఆలోచనకి ప్రపంచంలో పేరు తెచ్చిన ప్రయోగాల్లో ఒకటి మన దక్షిణాదిలోనే జరిగింది. ఇంగ్లిష్ బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 వరకు బెంగళూరు, మద్రాసు ప్రాంతాల మామూలు బడుల్లో నడిపిన ఈ ప్రయోగాన్ని బెంగళూరు ప్రాజెక్టు అంటారు. అందులో గ్రామర్ సిలబస్ లేదు. రైలు టైమ్‌టేబుల్ ఇచ్చి ఫలానా ఊరికి ఫలానా వేళకి చేరాలంటే ఏ బండి ఎక్కాలో తేల్చమనడం, మ్యాపు చూసి దారి చెప్పమనడం లాంటి పనులు ఇచ్చారు. ధ్యాస అర్థం మీద ఉంటే భాష దానంతట అదే పడుతుందని ఆయన నమ్మకం.

పిల్లల్లో భయం పోవడానికి, నోరు విప్పడానికి ఇది చక్కటి దారి. కానీ దీన్నొక్కదాన్నే నమ్ముకోలేం. కెనడాలో 1965 నుంచి ఇంగ్లిష్ మాట్లాడే ఇళ్ల పిల్లలకు చదువంతా ఫ్రెంచిలో చెప్పే బడులు మొదలయ్యాయి. ఏళ్ల తరబడి లెక్కలు, సైన్సు అన్నీ ఫ్రెంచిలో చదివిన పిల్లలు వింటే బాగా అర్థం చేసుకునేవారు, ధారాళంగా మాట్లాడేవారు. కానీ వాళ్ల మాటల్లో గ్రామర్ తప్పులు అలాగే ఉండిపోయాయి. అక్కడి భాషాపరిశోధకురాలు మెరిల్ స్వెయిన్ 1985లో ఈ సంగతి మీదే రాస్తూ, వినడం, చదవడం ఒక్కటే చాలదు, సరిగ్గా చెప్పి తీరాల్సిన అవసరం కూడా పిల్లలకు కల్పించాలంది.

ఇది మనకి దూరపు ఊసు కాదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ సర్కారీ బడులు ఇంగ్లిష్ మీడియం వైపు నడిచాయి. "అన్ని సబ్జెక్టులూ ఇంగ్లిష్‌లోనే కదా, ఇక గ్రామర్ దానంతట అదే వచ్చేస్తుంది" అనే మాట స్టాఫ్‌రూముల్లో వినిపిస్తూ ఉంటుంది. కెనడా పిల్లలకే రాలేదు. ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిష్ ఉన్న ద్విభాషా పుస్తకాలు మీ దగ్గర ఉంటే మాత్రం వాటిని ఇంగ్లిష్ పీరియడ్లోకి లాక్కోండి. సైన్సు పాఠంలో ఒక పేరా తీసుకుని రెండు పేజీలూ పక్కపక్కన చదివిస్తే, తెలుగు వాక్యం ఎక్కడ కర్తని వదిలేసిందో, అక్కడ ఇంగ్లిష్ ఏం చేసిందో పిల్లలే చూస్తారు.

అంశాల వారీగా నా ఎంపిక

పాసివ్ వాయిస్ దగ్గర మన పాఠ్యబోధన చాలా నష్టం చేసింది. "రామ కిల్డ్ రావణ, రావణ వజ్ కిల్డ్ బై రామ" అని తిప్పించడంతో, రెండూ ఒకటే, టీచర్ అడిగినప్పుడు తిప్పి రాయాలి అని పిల్లలు అనుకుంటారు. తిప్పడం రూల్‌తో చెప్పండి, ఆకారం సంగతి కాబట్టి తప్పదు. కానీ ఎందుకన్నది పేరాతోనే తెలుస్తుంది. రామప్ప గుడి మీద ఒక పేరా రాయండి. గుడి ములుగు జిల్లాలో ఉంది. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడి చేత కట్టబడింది. 1213 నాటి శాసనంలో ఆ సంగతి ఉంది. శిఖరానికి నీళ్ల మీద తేలే ఇటుకలు వాడారు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఇంగ్లిష్‌లో "ఇట్ వజ్ బిల్ట్", "లైట్ బ్రిక్స్ వర్ యూజ్డ్", "ఇట్ వజ్ యాడెడ్ టు ది లిస్ట్" అని రాస్తే పేరా మొత్తం గుడి చుట్టూనే తిరుగుతుంది. అదే పేరాని యాక్టివ్‌లోకి మార్చమనండి: రేచర్ల రుద్ర బిల్ట్, వర్కర్స్ యూజ్డ్, యునెస్కో యాడెడ్. వాక్యానికో మనిషి ముందుకొచ్చి నిలబడతాడు, గుడి వెనక్కి పోతుంది. పాసివ్ ఎందుకుందో అప్పుడు అర్థమవుతుంది.

ఒక మాట తెలుగులోనూ చెప్పండి. "కట్టబడింది" అని మనం ఇళ్లలో అనం. "ఈ గుడి ఎప్పుడు కట్టారు?", "మా వీధిలో రోడ్డు వేశారు" అంటాం, ఎవరు వేశారో చెప్పం. తెలుగులో ఆ "ఎవరో" మాయమైన చోట ఇంగ్లిష్‌లో పాసివ్ వాడొచ్చని చెబితే, "బడు" తగిలించి అనువాదం చేసుకునే తిప్పలు తగ్గుతాయి. "బై" తో వచ్చే భాగం చాలాసార్లు అవసరమే లేదని కూడా దీంతోనే తేలుతుంది.

ప్రెజెంట్ పర్‌ఫెక్ట్‌కి మన పలకరింపే సందర్భం. మధ్యాహ్నం ఎవరు కనబడినా "అన్నం తిన్నావా?" అంటాం. "హావ్ యూ హ్యాడ్ లంచ్?" "ఎస్, ఐ హావ్." తర్వాత "ఏం తిన్నావు?" అంటాం. "వాట్ డిడ్ యూ హావ్?" "ఐ హ్యాడ్ పప్పు అండ్ రైస్." మొదటి ప్రశ్న ఇప్పటి సంగతి: ఆకలితో ఉన్నావా, లేదా. రెండోది జరిగిపోయిన భోజనం వివరం. తెలుగులో రెండిటికీ "తిన్నా" అన్న ఒకే రూపం సరిపోతుంది కనుకనే మనవాళ్లు "ఐ హావ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే" అనేస్తారు. పర్‌ఫెక్ట్‌తో మొదలుపెట్టి పాస్ట్‌లో వివరాలు అడిగే ఈ జంటని రోజూ తరగతి మొదట్లో రెండు నిమిషాలు ఆడించండి: హావ్ యూ డన్ ది హోంవర్క్, వెన్ డిడ్ యూ డూ ఇట్. అమెరికావాళ్లు మొదటి ప్రశ్నకి కూడా "డిడ్ యూ ఈట్?" అనేస్తారు, కాబట్టి పిల్లవాడు అలా అంటే ఎర్ర సిరా తీయకండి.

రిపోర్టెడ్ స్పీచ్‌కి పని ఇవ్వడమే సరైన దారి. తెలుగులో "అని" ఉండబట్టి ఎవరన్న మాటని వాళ్లన్నట్టే లోపల పెట్టేయొచ్చు: "నేను రేపు వస్తాను అని మామయ్య చెప్పాడు." దాన్ని యథాతథంగా దించితే "అంకుల్ టోల్డ్ దట్ ఐ విల్ కమ్ టుమారో". వచ్చేది ఎవరు? మామయ్యా, చెప్పేవాడా? ముగ్గురు పిల్లల్ని వరసగా నిలబెట్టి కబురు మోయించండి. మొదటివాడు ఇంగ్లిష్‌లో ఒక మాట చెబుతాడు, రెండోవాడు మూడోవాడికి చేరవేస్తాడు, మూడోవాడు ఎవరు, ఎప్పుడు, ఎక్కడికి వస్తున్నారో బోర్డు మీద రాస్తాడు. కబురు తప్పినప్పుడు సర్వనామం ఎందుకు మారాలో ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. "టుమారో"ని ప్రతిసారీ "ది నెక్స్ట్ డే" చేయాలన్న రూల్ కూడా ఇక్కడే సడలుతుంది. కబురు ఈరోజే చెబితే రేపు రేపే. మర్నాడు చెబితేనే మారాలి. గైడుల్లోని పట్టికలో ఈ తేడా ఉండదు.

హూ, విచ్, దట్ తో వచ్చే రెలెటివ్ క్లాజులకి రూల్ ముందు, అదీ తెలుగులో. "నిన్న వచ్చిన అబ్బాయి" అన్నప్పుడు వివరమంతా అబ్బాయి కంటే ముందే వచ్చేస్తుంది. ఇంగ్లిష్‌లో ముందు "ది బాయ్", తర్వాత "హూ కేమ్ ఎస్టర్‌డే". వరస తిరగబడింది, అంతే సంగతి. తర్వాత తరగతిలో ఎవరో ఒకరిని వర్ణించి పేరు కనుక్కోమనే ఆట ఒకటి.

హీ, షీ పక్కన వచ్చే "ఎస్" మాత్రం నా కొలబద్దకి లొంగదు. జవాబు ఒక్కటే, రూల్ చిన్నది, మూడో తరగతి పిల్లకీ వచ్చు. అయినా డిగ్రీ చదివినవాళ్ల మాటల్లోనూ జారిపోతుంది. ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్లందరికీ, ఏ దేశంవాళ్లకైనా, మాటల్లో అది ఆలస్యంగానే స్థిరపడుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. రాతలో దిద్దండి. మాట్లాడేటప్పుడు ప్రతి "ఎస్"కీ ఆపితే పిల్ల నోరు మూసుకుంటుంది. "కదా"కి బదులు ప్రతిచోటా వచ్చే "ఈజంట్ ఇట్" సంగతి కూడా ఇంతే. దాని మీద పీరియడు ఖర్చు పెట్టొద్దు.

పిల్లల నోట్‌బుక్కే పాఠ్యపుస్తకం

పైన చెప్పిన నాలుగు దారుల్లో ఏది నడిచినా, దాని పక్కన ఇది ఉండాలని నా పట్టుదల. ఎడమ చేతి పని అనిపిస్తుంది కానీ ఖర్చుకి తగ్గ ఫలితం ఇచ్చేది ఇదే. పిల్లలు రాసిన పేరాల్లోంచి పది తప్పు వాక్యాలు ఏరి, పేర్లు లేకుండా బోర్డు మీద రాయండి. ఎక్కువమంది చేసే తప్పులే తీసుకోండి. జతలుగా కూర్చుని దిద్దమనండి. సందర్భం వాళ్లదే, చెప్పాలనుకున్న అర్థం వాళ్లదే. "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్" రాసినవాడికి తన అన్నల గురించి చెప్పాలని ఉంది, కాబట్టి "ఐ హావ్" చూసినప్పుడు అది అతుక్కుంటుంది. నోట్‌బుక్కంతా ఎర్ర సిరాతో నింపితే మార్కులు చూసుకుని మూసేస్తారు. వారానికి ఒక అంశమే పట్టుకోండి. ఈ వారం ఆర్టికల్సయితే టెన్సుల తప్పులు కనబడినా వదిలేయండి.

మీ పరిస్థితిని బట్టి

పదో తరగతి వాళ్లకి డిసెంబరు దాటిందంటే ప్రయోగాలు కట్టిపెట్టండి. వాక్యాలు కలపడం, వాయిస్ మార్చడం, పేరాలో తప్పులు దిద్దడం లాంటి ప్రశ్నలకు పాత పేపర్లతో నేరుగా సాధన చేయించాలి, అందులో నామోషీ లేదు. తప్పులు దిద్దే పేరా మాత్రం సందర్భంతో నేర్చిన పిల్లలకే సులువు, ఎందుకంటే అక్కడ ముందు వాక్యం చూడకుండా తర్వాతి వాక్యం దిద్దలేరు. అందుకే ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో కథలు, డిక్టోగ్లాస్ ఎక్కువ పెట్టి, పదిలో రూల్స్ బిగించడం నా వరస.

టీచరుకే ఇంగ్లిష్ మాట్లాడడం టెన్షన్ అనిపిస్తే పని ఇచ్చే పద్ధతితో మొదలుపెట్టొద్దు. పిల్లలు ఏ ప్రశ్న వేస్తారో ముందే తెలియదు, అప్పటికప్పుడు దిద్దాలి. తెలిసిన కథతో మొదలుపెడితే వాక్యాలు ముందురోజే రాసి పెట్టుకోవచ్చు.

ఉద్యోగం కోసం స్పోకెన్ ఇంగ్లిష్ కోచింగ్‌కి వచ్చే పెద్దవాళ్ల సంగతి తలకిందులు. వాళ్లకి రూల్స్ చాలావరకు వచ్చు, కొందరికి టీచరుకన్నా బాగా వచ్చు. మళ్లీ టెన్స్ చార్టుతో మొదటివారం గడిపే ఇన్‌స్టిట్యూట్‌లో డబ్బు కట్టబోయే ముందు ఒక డెమో క్లాసులో కూర్చోండి. గంటలో మీరు ఎంతసేపు మాట్లాడారు, సార్ ఎంతసేపు మాట్లాడారు అన్నది చూడండి. మీ తప్పుని ఆయన ఎప్పుడు దిద్దారు, వాక్యం మధ్యలోనా, మీరు చెప్పడం ముగించాకా అన్నదీ చూడండి. మధ్యలో ఆపి దిద్దే చోట చేరొద్దు. అసలు దిద్దకుండా "ఫ్లూయెన్సీ వస్తే చాలు" అనే చోట కూడా చేరొద్దు.